అలకపాన్పు మీద అల్లుడుగారు

మా గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కితే దించడానికి ఒక పద్ధతుండేది. మామగారు ఓ సైకిలో, చేతి గడియారమో, కాలం మారాక మోటారు సైకిలో ఇచ్చేవాడు. అల్లుడు దిగేవాడు. అంతటితో సరి. ఏటేటా ఎక్కి కూర్చునే అల్లుణ్ని మాత్రం నేను అమెరికా వచ్చాకే చూశాను.

2024 సెప్టెంబర్ 11న, బుధవారం, మా అమెరికా విదేశాంగ శాఖ ఈజిప్టు అధ్యక్షుడు సీసీ గారి పళ్లెంలో 130 కోట్ల డాలర్లూ పైసా తగ్గకుండా పెట్టింది. అందులో 32 కోట్లకు మానవ హక్కుల షరతుండేది. 22.5 కోట్ల మీద షరతును దేశభద్రత పేరు చెప్పి ఎత్తేశారు. మిగతా 9.5 కోట్ల షరతును ఎత్తేయలేదు, తీరిపోయిందన్నారు. రాజకీయ ఖైదీల విడుదలలో ఈజిప్టు 'స్పష్టమైన, నిలకడైన పురోగతి' చూపిస్తోందని అప్పటి విదేశాంగ మంత్రి బ్లింకెన్ గారు ధ్రువీకరించారు.

ఎత్తేసినందుకు నాకంత కోపం లేదు. అప్పట్లో గాజా చర్చలకు కైరో కావలసి వచ్చింది, అవసరం మనది, ఇచ్చారు. తీరిందన్నారు చూడండి, అదే గొంతు దిగడం లేదు. అల్లుడు తాగుతాడని తెలిసీ డబ్బివ్వడం ఒకటి. మానేశాడని ఊళ్లో చాటింపు వేయించడం ఇంకొకటి.

ఈ సంబంధం నిన్నటిది కాదు. 1978లో క్యాంప్ డేవిడ్‌లో మాటలు, మరుసటేడు ముడి. పక్కింటి ఇజ్రాయెల్‌తో గొడవకు దిగకుండా ఉండటమే అల్లుడు చేయాల్సిన కాపురం. 1987 నుంచి సైనిక లాంఛనం 130 కోట్ల దగ్గర స్థిరపడింది. ముబారక్ పోయాడు, సైన్యం వచ్చింది, మోర్సీ వచ్చాడు, మళ్లీ సైన్యమే వచ్చింది. అల్లుళ్లు మారారు గానీ లాంఛనం మారలేదు.

మోర్సీ అంటే గుర్తుంది కదా, జనం ఓట్లేసి తెచ్చుకున్నవాడు. 2013 జూలైలో సీసీ గారు సైన్యాన్ని పంపి ఆయన్ని దించేశారు. సైనిక కుట్రతో ప్రభుత్వాన్ని కూల్చిన చోటికి సాయం ఆపాలని మా చట్టం. మామగారు ఆలోచించి, కుట్ర జరిగిందో లేదో తేల్చకూడదని తేల్చారు. ఇంట్లో దొంగ పడ్డాడా అంటే, మేం తలుపు వైపు చూడదలచుకోలేదండీ అన్నట్టు.

లాంఛనం ఇచ్చే తీరులో మాత్రం మామగారి లౌక్యానికి దణ్ణం పెట్టాలి. డబ్బు అల్లుడి జేబులోకి వెళ్లదు. ఖాతా న్యూయార్క్‌లోనే. అల్లుడు కొనుక్కోవాలి, అదీ మామగారి కొట్లోనే కొనుక్కోవాలి. అలా కొన్న ఎఫ్-16లున్నాయి. ఇక్కణ్నుంచి విడిభాగాలు పంపితే కైరో దగ్గర ఫ్యాక్టరీలో బిగించుకున్న అబ్రామ్స్ ట్యాంకులు వెయ్యికి పైనే. మోటారు సైకిల్ అడిగిన అల్లుడికి తన షోరూమ్‌లోనే బండి అమ్మి, బిల్లు మాత్రం ఊరి పంచాయతీకి పంపే మామ మనవైపు ఇంకా పుట్టలేదు.

2020 జూలైలో, ఎన్నికల్లో నిలబడ్డప్పుడు, బైడెన్ గారు ఒక ట్వీటు పెట్టారు. ట్రంప్ తనకిష్టమైన నియంత అని పిలిచాడంటున్న ఈ సీసీకి ఇకపై ఖాళీ చెక్కులుండవు అని. మాట తప్పారని ఎవరూ అనలేరు. 2024లో ఇచ్చింది ఖాళీ చెక్కు కాదు, అంకె స్పష్టంగా వేసి ఇచ్చారు. 2021 డిసెంబర్‌లో వందకు పైగా దేశాల్ని పిలిచి ప్రజాస్వామ్య సదస్సు జరిపినప్పుడు అల్లుడుగారికి పిలుపు కూడా వెళ్లలేదు. పంక్తిలో కూర్చోబెడితే పరువు పోతుంది గనక క్యారేజీ మాత్రం ఇంటికి పంపారు.

అల్లుడుగారిలో పురోగతి బొత్తిగా లేదనడం కూడా అన్యాయమే. 2018 ఎన్నికల్లో ఆయనకు 97 శాతం వచ్చింది, పోటీగా నిలబడ్డ ఏకైక అభ్యర్థి అప్పటిదాకా ఆయన తరఫున ప్రచారం చేస్తున్నవాడు. 2023లో 89.6కు తగ్గింది. నిలకడైన పురోగతి అంటే ఇదే కాబోలు.

సంబంధం అన్నాక పెళ్లిళ్ల పేరయ్య ఉండాలిగా? ఆయన మా న్యూజెర్సీ వాడే, సెనేట్ విదేశాంగ కమిటీకి అధ్యక్షత వహించిన బాబ్ మెనెండెజ్. ఈజిప్టుకు ఆగిన 30 కోట్లు వదలమని తోటి సెనేటర్లను ఒప్పించే ఉత్తరాన్ని, ఈజిప్టు పేరు మీద, గుట్టుగా ఈయనే రాసిపెట్టాడట. ఆడపిల్లవారి పెద్దమనిషి కూర్చుని మగపెళ్లివారి డిమాండ్లు రాసివ్వడం! ఇంట్లో సోదా చేస్తే కవర్లలో, ఆయన పేరు కుట్టిన కోటు జేబుల్లో, 4,80,000 డాలర్లకు పైగా నోట్లు, వాటికి తోడు బంగారు కడ్డీలు దొరికాయి. ఈజిప్టు వెళ్లొచ్చాక 'కిలో బంగారం ఎంత' అని ఇంటర్నెట్‌లో వెతికాడట కూడా. అయ్యా, మా ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఏ నగల కొట్లో అడిగినా చెప్పేవారే. 2024 జూలైలో జ్యూరీ 16 అభియోగాల్లోనూ దోషి అంది. పేరయ్య జైలుకి సిద్ధమవుతుంటే, ఆయన ఎవరి కోసం తిరిగాడో ఆ లాంఛనం మాత్రం ఆ ఏడు నిండుగా వెళ్లింది.

మామ, అల్లుడు, పేరయ్య, అందరూ వచ్చారు. ప్రజాస్వామ్యం అనే అమ్మాయి మాట ఎవరైనా ఎత్తారా?

2013 ఆగస్టు 1న అప్పటి విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ, ఈజిప్టు సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందని టీవీలో చెప్పాడు. రెండు వారాలకు, 14న, ఆ సైన్యమూ పోలీసులూ కైరో రబా కూడలిలో ఒక్క పూటలో కనీసం 817 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. ఆలా అబ్దుల్ ఫత్తా అనే రచయితకు ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పంచుకున్నందుకు అయిదేళ్ల శిక్ష వేశారు. ప్రజాస్వామ్య సదస్సు ముగిసి అప్పటికి పది రోజులు. పట్టుకెళ్లింది 2019 సెప్టెంబర్ 29న, అంటే 2024 సెప్టెంబర్ నెలాఖరుకి అయిదేళ్లు నిండాయి. తీర్పుకి ముందు మగ్గిన రోజులు లెక్కకు రావన్నారు, 2027 జనవరి దాకా లోపలే ఉండాలన్నారు. బ్లింకెన్ గారూ, కూడిక కూడా రాని జైలుకి మీరు ఏ సబ్జెక్టులో పాస్ మార్కులేశారు?

రబా రోజునే ఇంకొకాయన్ని పట్టుకున్నారు. న్యూయార్క్‌లో కారు విడిభాగాల వ్యాపారం చేసుకునే అమెరికా పౌరుడు, అయినవాళ్లను చూసి పోదామని వెళ్లాడు. పాస్‌పోర్టు చూపిస్తే వదలకపోగా కొట్టారని ఆయన తరఫువాళ్లు చెబుతూనే ఉన్నారు. అయిదేళ్ల తర్వాత 15 ఏళ్ల శిక్ష వేశారు. షుగరు జబ్బు మనిషి, నిరాహారదీక్ష చేసి 2020 జనవరిలో ఖైదీగానే చనిపోయాడు. ఆ ఏడాదీ లాంఛనం వెళ్లింది.

బతికున్నన్నాళ్లూ ఆయన వ్యాపారం మీద పన్ను కట్టే ఉంటాడు. అదే నీలం అట్ట పాస్‌పోర్టు నా బీరువాలోనూ ఉంది. ఏప్రిల్ 15న నేనూ కట్టాను.