మోకాలికీ షేరుకూ ముడి

విమానం ఎక్కేవాడికి విమాన కంపెనీ షేరు సంగతి కూడా తెలిసి తీరుతుందని మా మామగారి నమ్మకం. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరై విజయవాడలో స్థిరపడ్డారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ తగ్గినప్పుడల్లా ఆయన చూపు షేర్ల వైపు, ఆ వెంటనే నా వైపు మళ్లుతుంది. "అల్లుడుగారూ, ఉద్యోగం పేరు చెప్పి మీరెప్పుడూ గాల్లోనే ఉంటారు కదా! ఎవరి సర్వీసు బాగుంటుందో చెప్పండి, వాళ్ల షేర్లు కొనిపడేస్తాను" అన్నారు మొన్న.

హోటలు షేరైతే ఈ లెక్క సరిపోయేది. ఇడ్లీ మెత్తగా ఉన్నచోట జనం ఉంటారు, జనం ఉన్నచోట గల్లాపెట్టె నిండుతుంది. విమానంలో ఇడ్లీ మెత్తగా ఉందంటే మాత్రం ఆ కంపెనీ ఆరోగ్యం ఎలా ఉందో ఒకసారి వాకబు చేయడం మంచిది.

నమ్మకపోతే కింగ్‌ఫిషర్‌ను తలుచుకోండి. 2005 మేలో ఎగరడం మొదలుపెట్టింది. విజయ్ మాల్యాగారు మనల్ని ప్రయాణికులనేవారు కాదు, అతిథులనేవారు. సీటుకో టీవీ, అడక్కుండానే వేడి భోజనం. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గంట ప్రయాణం, సినిమాలో విలన్ ముఖమైనా చూడకముందే దిగమనేవారు. విమానం ఆలస్యం కావాలని నేను మొక్కుకున్నది ఆ ఒక్క కంపెనీ విషయంలోనే. ఇన్ని మర్యాదలు చేసిన ఆ కంపెనీ ఏ ఒక్క ఏడాదీ లాభం ముఖం చూడలేదు. 2012 అక్టోబరులో నేల మీదే ఉండిపోయింది. ఉద్యోగులకు నెలల తరబడి జీతాల్లేవు. అప్పులిచ్చిన బ్యాంకుల కూటమి బాకీ కోసం లండన్ కోర్టుల దాకా వెళ్లింది. ఆ కూటమిలో మామగారి బ్యాంకూ ఉంది. "అంటే మీరు ఆ రోజుల్లో మెచ్చుకుంటూ తిన్న భోజనం మా బ్యాంకు పెట్టిందన్నమాట" అని ఆయన ఇప్పటికీ నన్ను అదోలా చూస్తుంటారు.

అంతకన్నా జాలి పడాల్సింది ఎయిర్ డెక్కన్ వాటాదారుల్ని చూసి. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఆ కంపెనీ పెట్టి, రూపాయి టికెట్లు కూడా అమ్మి, రైలెక్కే జనాన్ని విమానమెక్కించాడు. ఆ పొదుపు మీద నమ్మకంతో 2006లో ఐపీఓలో షేర్లు కొన్నవాళ్లున్నారు. అప్పట్లో మన కంపెనీ విదేశాలకు ఎగరాలంటే దేశంలో ఐదేళ్లు ఎగిరి ఉండాలని నిబంధన. అంతకాలం ఆగే ఓపిక లేని మాల్యాగారు 2007లో డెక్కన్‌లో వాటా కొని, తర్వాత రెండింటినీ కలిపేశారు. పొదుపు కంపెనీని నమ్ముకుని కొన్నవాళ్ల చేతిలో చివరికి కింగ్‌ఫిషర్ షేరు మిగిలింది. గోపీనాథ్ జీవితం ఆధారంగా సూర్యతో 'ఆకాశం నీ హద్దురా' తీశారు, అందరం చప్పట్లు కొట్టాం. ఆ వాటాదారుడి మీద సినిమా తీయడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. క్లైమాక్స్‌లో ఏం చూపిస్తారు, డీమ్యాట్ ఖాతానా?

జెట్ ఎయిర్‌వేస్ కథ కూడా దాదాపు అంతే. 2005లో 1,100 రూపాయల చొప్పున షేరు అమ్మింది. 2007లో 1,450 కోట్లు పోసి ఎయిర్ సహారాను కొంది. 2019 ఏప్రిల్ 17న అమృత్‌సర్ నుంచి ముంబైకి చివరిసారి ఎగిరింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమంది. అందులో ప్రయాణం చేసినవాళ్లెవరూ ఇప్పటికీ దాని గురించి చెడ్డమాట అనరు. షేర్లు కొన్నవాళ్లను నేను పలకరించలేదు, ధైర్యం చాలక.

మన వాళ్లు కూడా ప్రయత్నించకపోలేదు. 2013లో విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా వచ్చింది. ఆ ఎంబ్రాయర్ విమానాల్లో అటు రెండు, ఇటు రెండు సీట్లు. మధ్య సీటన్నదే లేదు! ఇద్దరు బొద్దుమనుషుల మధ్య ఇరుక్కుని ప్రయాణం చేసినవాడికి అది స్వర్గంలో ఎన్నో అంతస్తో తెలుస్తుంది. 2017 ఫిబ్రవరిలో స్వర్గం మూతపడింది. హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2015లో మొదలై 2022లో ఆగింది. రామ్‌చరణ్ అండ కూడా దాన్ని గాల్లో నిలపలేకపోయింది. ఈ రెండూ షేర్ మార్కెట్‌లోకి రాలేదు కాబట్టి మామగారి డబ్బు భద్రంగా ఉంది.

ఇక ఇండిగో. 2006 ఆగస్టులో మొదలైనప్పటి నుంచీ మన మోకాళ్లతో దానికి ఏదో పాత పగ ఉన్నట్టే అనిపిస్తుంది. భోజనం ఊరికే పెట్టదు. వేడినీళ్లు పోసి మూతపెట్టి కలిపిన ఉప్మాను కొనుక్కుని తినాలి. కిందికి దిగేముందు చెత్త సంచి పట్టుకుని రెండుసార్లు వస్తారు. మనకు అది విసుగు. నిజానికి అక్కడే ఉంది కిటుకంతా. దిగాక శుభ్రం చేసే పని తగ్గితే విమానం మళ్లీ తొందరగా ఎగురుతుంది, గాల్లో ఉన్నంతసేపే అది సంపాదిస్తుంది. ఒకే రకం విమానాలు ఎక్కువగా ఉంటే పైలట్ల శిక్షణకూ విడిభాగాలకూ ఖర్చు తగ్గుతుంది. కింగ్‌ఫిషర్ బిజినెస్ క్లాసంటూ విశాలంగా వదిలేసిన జాగాలో కూడా సీట్లు బిగించి, అదే ఎయిర్‌బస్‌లో వీళ్లు 180 మందిని కూర్చోబెట్టారు. 2015 ఐపీఓలో 765 రూపాయలకిచ్చిన షేరు పదేళ్లు తిరిగేసరికి 5,000 దాటింది. నా మోకాలి నొప్పి ఎవరి ఖాతాలో జమైందో అప్పుడు అర్థమైంది.

ఇదంతా విని మామగారు డీమ్యాట్ పాస్‌వర్డ్ వెతుక్కుంటుంటే ఆపాను. కోవిడ్ వచ్చిన రెండేళ్లలో ఏటా 5,000 కోట్లకు పైగా నష్టపోయింది కూడా ఈ కంపెనీయే. విమాన కంపెనీ మొత్తం ఖర్చులో ఇంధనమే మూడోవంతు అటూ ఇటూ ఉంటుంది. దాని ధర అంతర్జాతీయ మార్కెట్ చేతిలో, దాని మీద వ్యాట్ రాష్ట్రాల చేతిలో. మనం టికెట్ కొనేది రూపాయల్లో, వాళ్లు విమానం అద్దె కట్టేది డాలర్లలో. 2025 జులై–సెప్టెంబరులో ఇండిగో నష్టానికి అసలు కారణం రూపాయి పడిపోవడమే. గో ఫస్ట్ అయితే 2023 మేలో ఇంజిన్లు అందక సగం విమానాలు మూలన పడ్డాయంటూ దివాలా అర్జీ పెట్టుకుంది. నవ్వుతూ నమస్కారం పెట్టే ఎయిర్‌హోస్టెస్ ముఖంలో ఇవేవీ కనిపించవు.

వారెన్ బఫెట్ అంతటివాడే 1989లో యూఎస్ ఎయిర్‌లో డబ్బు పెట్టి నాలుక కరుచుకున్నాడు. ఇక జన్మలో విమానాల జోలికి పోనన్నవాడు 2016లో నాలుగు కంపెనీల షేర్లు కొన్నాడు. 2020లో కోవిడ్ రాగానే మొత్తం అమ్మేశాడు. ఇది వ్యసనం జాతిదేమోనని నాకు అనుమానం.

అయితే సర్వీసు అసలు లెక్కలోకే రాదా అంటే, వస్తుంది. 2025 డిసెంబరులో చూశాం కదా. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచిన నిబంధనకు తగ్గట్టు ఇండిగో మనుషుల్ని సిద్ధం చేసుకోలేదు. వేల సర్వీసులు రద్దయ్యాయి. శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీదే నిద్రపోయారు. షేరు దబ్బున పడింది. మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు సర్వీసుల్లో 10 శాతం కోత పెట్టించారు. ఉప్మా దగ్గర పిసినారితనం చెల్లుతుంది, పైలట్ దగ్గర చెల్లదు. ఇక జీవితంలో దీని ముఖం చూడనని ఆ వారం శపథం పట్టినవాళ్లలో మా బావమరిది ఒకడు. "వచ్చే నెల మళ్లీ ఎందులో వెళ్తున్నావురా?" అని అడిగితే, "దాన్లోనే బావా, పొద్దున్నపూట వేరేది లేదు" అన్నాడు. దేశంలో ఎగిరే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా దాన్నే ఎక్కుతున్నారు మరి.

షేరు కొనేవాడు పట్టించుకోవాల్సింది మా బావమరిది ఇచ్చిన ఆ జవాబునే. సర్వీసు బాగుందా లేదా అన్నది రెండో మాట, తిట్టుకున్నవాడికి వేరే విమానం ఉందా లేదా అన్నది మొదటి మాట. ఎయిరిండియాను టాటాలు సరిగ్గా నిలబెట్టిన రోజున ఆ జవాబు మారుతుంది, దానితోపాటే షేరు లెక్కా మారుతుంది. ఎయిరిండియా, ఆకాశ ఎయిర్ ఇంకా షేర్ మార్కెట్‌లోకి రాలేదు. స్పైస్‌జెట్ ఉంది గానీ, దాని బాకీల చిట్టా చదివే ఓపిక బ్యాంకులో పనిచేసిన మామగారికే లేకపోయింది. కాబట్టి కొంటే ఇండిగో ఒక్కటే కొనమన్నాను, అదీ చమురు, డాలరు రెండూ ఒకేసారి పెరిగినా పెన్షన్ జోలికి రానంత డబ్బుతోనే.

మీకు కూడా అదే చెబుతాను. షేరు సంగతి నిదానంగా చూసుకోవచ్చు గానీ, సంక్రాంతికి విశాఖో రాజమండ్రో వెళ్లేదుంటే టికెట్ మాత్రం ఇవాళే కొనేయండి. ఏ షేరూ అంత వేగంగా పెరగదు.