బోరు పైపులు

మా గడ్డివాము పక్కన 16 జి.ఐ. పైపులు చాలాకాలం పేర్చి ఉండేవి. ఒక్కోటి 20 అడుగుల పొడవు, అంగుళంన్నర సైజు. బోరు ఎండిపోతే మోటారుతో పాటు నాయన పైకి తీయించినవి. వెలిగండ్ల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇలాంటి పైపులు కనబడతాయి. ఇంకో బోరు వేస్తే, అందులో నీళ్లు పడితే మళ్లీ దించుకోవచ్చని ఎవరూ అమ్ముకోరు. 2014లో నేను వాటిలో ఆరు అడిగి తీసుకున్నాను, కారులో రోల్ కేజ్ (పల్టీ కొడితే మనిషిని కాపాడే పైపుల చట్రం) కట్టడానికి. "అక్కరైతే తీసుకో అబ్బయ్యా" అన్నాడు నాయన. ఎందుకని కూడా అడగలేదు. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోయి రేసులు చూసి వచ్చేవాణ్ణి. 3.7 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు. అక్కడ ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పోలో కప్ జరిగేది. 2010లో డీజిల్ కార్లతో మొదలైంది. 2012 నుంచి 1.4 లీటర్ల టీఎస్ఐ పెట్రోల్ ఇంజిన్, 180 హార్స్‌పవర్‌తో పోలో ఆర్ కప్ అయింది. అందరికీ ఒకే రకం కారు. కట్టేదీ కంపెనీయే, మరమ్మతులు చూసుకునేదీ కంపెనీయే. కొత్త కుర్రాళ్లు సెలెక్షన్లో నెగ్గి, ఫీజు కట్టి, నడపడం మీద మాత్రమే దృష్టి పెట్టేవారు. ఒక స్నేహితుడు నన్నూ సెలెక్షన్‌కు రమ్మన్నాడు. ఒకరు కట్టిచ్చిన కారు నడపడం నాకు నామోషీ అనిపించింది. నా కారు నేనే కట్టుకుంటానన్నాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

వాడిన పోలో ఒకటి కొన్నాను. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, 75 హార్స్‌పవర్. పేరు అదే, ఆకారం అదే కాబట్టి ఆ కప్ కారుకూ దీనికీ మధ్య ఉన్నది కొంత పని మాత్రమే అనుకున్నాను. వెనక సీట్లు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు పీకేశాను. కేజ్ కోసం అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనలు ముందేసుకుని చదివాను. వెనక ప్రధాన వంపుకు 45 మిల్లీమీటర్ల పైపు అయితే గోడ మందం 2.5 ఉండాలి. మా బోరు పైపు బయటి కొలత 48.3, మందం 3.2. అడిగినదానికంటే ఎక్కువే ఉందని సంబరపడ్డాను. అదే వరుసలో అతుకు లేని, చల్లగా లాగిన కార్బన్ స్టీలు అని కూడా రాసి ఉంది. ఆ ముక్క నేను చదివాను. చదివీ దాటిపోయాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

కనిగిరిలో గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్ షాపుకు పైపులు వేసుకుపోయాను. "అన్నా, ఇది గేటుకో పందిరికో వాడే పైపు. దీన్ని నమ్మి మనిషి కూర్చుంటాడా?" అన్నాడు వెల్డరు. జింకు పూత గీకకుండా కాలిస్తే పొగ పడదని కూడా చెప్పాడు. నాకు తొందర. రెండు రోజుల్లో కావాలన్నాను. తెల్లటి పొగలో కూర్చుని చేశాడు. ఆ రాత్రి అతనికి చలిజ్వరం వచ్చింది. మర్నాడు వణుకుతూనే మిగతా అతుకులు వేశాడు. నేను డబ్బు ఇచ్చాను గానీ, ఈ రోజుకు ఆపుదామని అనలేదు.

నెల్లూరు, సూళ్లూరుపేట మీదుగా ట్రాక్‌కు చేరాం. రేసు చూస్తానని అక్క కొడుకు కూడా నాతో వచ్చాడు. పన్నెండేళ్లవాడు. రేసుకు ముందు కార్లను తనిఖీ చేసే పెద్దాయన నా కారు దగ్గర వంగి, వంపు లోపలి వైపు ఆకురాయితో రంగు గీకాడు. బొటనవేలి గోరు పైపు పొడవునా నడిపాడు. గోరు ఒకచోట ఆగింది. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టించాడు. రేకును గుండ్రంగా చుట్టి కలిపిన అతుకు, వెంట్రుకవాసి గీతలా తగిలింది. పైపును వంచినచోట ఆ గీత కాస్త విచ్చుకుని ఉంది. నీళ్లను మోయడానికి చేసిన పైపు అది. కారు పల్టీ కొట్టినప్పుడు పైపు చీలిపోకుండా వంగాలి, వంగుతూ దెబ్బను తాను తీసుకోవాలి. తర్వాత ఆయన కేజ్ కాళ్ల కింద చూశాడు. ఒక్కో కాలి కింద కనీసం 120 చదరపు సెంటీమీటర్ల, 3 మిల్లీమీటర్ల మందం పలక ఉండాలి. నేను పలుచటి ఫ్లోరు రేకుకు వాషర్లు వేసి బోల్టులు బిగించాను. కారు తిరగబడితే ఆ కాళ్లు రోకలి పోటులా రేకును చీల్చుకుని దిగేవి.

"తంబీ, దీన్ని లారీ ఎక్కించి తీసుకుపో. హెల్మెట్ లేకుండా ఈ పైపుల మధ్య కూర్చుని రోడ్డు మీద పోవద్దు" అన్నాడు. తమిళం కలిసిన తెలుగులో, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు.

పక్క గ్యారేజీలో కప్ కార్లు వరసగా ఉన్నాయి. ఒకదాని తలుపు తెరిచి ఉంటే లోపలికి చూశాను. కేజ్ బాడీలోకే వెల్డు అయి ఉంది. లోతైన బకెట్ సీటు, భుజాలనూ నడుమునూ తొడలనూ పట్టే బెల్టులు, చేతికందే దూరంలో మంటలార్పే సిలిండరు, బయటివాళ్లు కూడా నొక్కగలిగిన కరెంటు కట్ స్విచ్చి. ఎక్కడేది చెడుతుందో ముందే ఆలోచించిన మనుషులు కట్టిన కారు అది. నామోషీ అనుకున్న కారు ముందు నిలబడ్డాను.

అయినా లారీకి డబ్బు దండగనుకుని ఆ కారులోనే ఇంటికి బయలుదేరాను. పామూరు దాటాక చీకట్లో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కి పక్కకు తిప్పాను. గొర్రెలకేం కాలేదు. పిల్లవాడు బెల్టు పెట్టుకునే ఉన్నాడు. కానీ తల పక్కకు ఊగి కిటికీ మీది పైపుకు కొట్టుకుంది. "మామా, తడిగా ఉంది" అన్నాడు. కనిగిరిలో ఏడు కుట్లు పడ్డాయి. రోడ్డు కారును కట్టినవాళ్లు మనిషి తల చుట్టూ చోటు వదిలారు. ఆ చోటును నేను ఇనుముతో నింపాను. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. కుట్లు విప్పేదాకా మా ఇంటికి రాలేదు.

2025 జనవరి 7న దుబాయ్ ఆటోడ్రోమ్‌లో ప్రాక్టీసు చేస్తూ సినీ నటుడు అజిత్‌కుమార్ కారు గోడకు గుద్దుకుని గింగిరాలు తిరిగిన వీడియో మీరూ చూసి ఉంటారు. మన సికింద్రాబాద్‌లో పుట్టినాయన. అది 911 ఆధారంగా పోర్షే కట్టే కప్ కారు. రోడ్డు మీద తిరిగే 911లు తయారయ్యే జర్మనీలోని సుఫెన్‌హౌసెన్ ఫ్యాక్టరీ లైను మీదే అదీ తయారవుతుంది. ఆయన దెబ్బ తగలకుండా దిగి నడిచారు. నేను ఆ వీడియోలో ఆయన్ని కాదు, ఆయన తల పక్కనున్న పైపుల్ని చూశాను. అదే వారం ఆయన పోర్షే కేమన్ జీటీ4 కూడా నడిపారు. అదీ రోడ్డు స్పోర్ట్స్ కారు నుంచి ఫ్యాక్టరీ చేసే మొదటి మెట్టు రేసు కారే. 2019లో వచ్చిన 718 కేమన్ జీటీ4 క్లబ్‌స్పోర్ట్‌కు తలుపులు, వెనక రెక్క అవిసె లాంటి పైర్ల నారతో చేశారు. పొలంలోంచి వచ్చిన వస్తువు రేసు కారుకు పనికిరాదని కాదు. వాళ్లు పరీక్షించి పెట్టారు. నేను నమ్మి పెట్టాను.

2016లో నాయన మళ్లీ బోరు వేయించాడు. 300 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. దించడానికి 15 పైపులు కావాలి, వాము పక్కన 10 ఉన్నాయి. మోటారు దించేవాళ్లు చెట్టుకింద కూర్చున్నారు. కనిగిరి పోయి ఐదు కొత్తవి ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను. నాయన ఒక్కోదాని మరలు తువ్వాలుతో తుడిచి, కన్ను దగ్గర పెట్టుకుని లోపల చూసి, దించమన్నాడు. నేను పక్కన నిలబడి, బోరులోకి దిగిపోతున్న ప్రతి పైపు మీదా ఆ అతుకు గీత కోసం వెతుకుతూ ఉన్నాను.