విఫలసూత్ర వ్యాఖ్య

మూలం: డౌన్‌లోడ్ విఫలమైంది – నెట్‌వర్క్ లోపం.

టీక: డౌన్‌లోడ్ = వర్జీనియాలోని సర్వర్ నుంచి హైదరాబాదులోని కంప్యూటర్‌కు దిగుతున్న 3 జీబీల ఫైలు; విఫలమైంది = కొంతవరకు వచ్చాక ఆగిపోయింది; నెట్‌వర్క్ = ఎవరిదో అధ్యాహార్యము; లోపం = ఏమిటో గురుముఖతః తెలుసుకొనవలెను. 'మీ' అన్న మాట మూలంలో లేదు. అయినా అందరూ దాన్ని చేర్చుకునే చదువుతారు, చదివి రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు. ఈ అధ్యాహారం అపార్థమని మా పక్షం. దూరపువాడి విషయంలో లోపం తరచుగా తీగలో ఉండదు, దగ్గరివాడు పెట్టిన గడువులో ఉంటుంది.

ఏలయనగా, టీసీపీ పద్ధతిలో పంపేవాడు కొంత డేటా పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగుతాడు. తొలినాటి నియమం ప్రకారం అలా కబురు రాకుండా పంపదగినది 64 కేబీలే. కేబుళ్ల వంకరలు, మధ్య రౌటర్లు కలుపుకుంటే వర్జీనియాకు పోయిరావడానికి పావు సెకను దాకా పడుతుంది. అంటే సెకనుకు 256 కేబీ. ఆ లెక్కన మన ఫైలుకు సుమారు 3 గంటల 25 నిమిషాలు. 10 మిల్లీసెకన్లలో కబురందే పక్క ఊరివాడికి అదే ఫైలు 8 నిమిషాల పని. సర్వర్ ముందున్న ప్రాక్సీ ఒక్కో అభ్యర్థనకు గంట గడువు ఇచ్చిందనుకోండి: ఆ గడువు పెట్టినవాడికి అది జన్మలో తగలదు, హైదరాబాదువాడికి ప్రతిసారీ తగులుతుంది.

"64 కేబీల హద్దును 1992లోనే సడలించారు గదా" అని పూర్వపక్షం. నిజమే. కానీ దారిలో ఒక ప్యాకెట్ పోతే సంప్రదాయ టీసీపీ వేగాన్ని సగానికి దించి, ఒక్కో రాకపోకకు కాస్త కాస్తగా పెంచుకుంటుంది. రాకపోక ఎంత దీర్ఘమైతే కోలుకోవడం అంత ఆలస్యం. "మరి అదే ఇంట్లో యూట్యూబ్ నిక్షేపంగా ఆడుతోందే, స్పీడ్ టెస్ట్ 100 ఎంబీపీఎస్ చూపుతోందే" అని ఇంకో శంక. వీడియో సాధారణంగా దగ్గర్లోని నిల్వ నుంచి, చిన్న ముక్కలుగా వస్తుంది. స్పీడ్ టెస్ట్ తనంతట తాను దగ్గరి సర్వర్‌నే ఎంచుకుంటుంది. రెండూ ఊరి పొలిమేర దాకానే సాక్ష్యం చెబుతాయి. రౌటర్ ఆపి వేస్తే ఒకసారి పని జరిగిందంటారా, అది కాకతాళీయ న్యాయం.

నిర్ణయానికి సాధనం తెగిన తీరే. ప్రతిసారీ ఒకే నిమిషానికి తెగితే గడువు. ఒకే పరిమాణం దగ్గర తెగితే ఎక్కడో సైజు హద్దు. రెండూ మారుతుంటేనే దారిని అనుమానించాలి. "గడువు పెంచితే చాలదా?" చాలదు, మూడు గంటల్లో ఏదో ఒకటి తెగుతుంది. తెగినచోటి నుంచి అందుకోగలగడమే అసలు మందు. 'ఈ బైటు నుంచి ఇవ్వు' అని అడిగితే సర్వర్ 206 అనాలి. 200 అందంటే మళ్లీ మొదటికే. లింకుకే కాలపరిమితి ఉంటే 403 అని తలుపు వేస్తుంది, అప్పుడు కొత్త లింకు తెచ్చుకోక తప్పదు.

కాబట్టి సర్వర్‌వారికి ఫిర్యాదు రాసేటప్పుడు "నెట్ స్లో" అనకండి. ఎన్నో నిమిషానికి, ఎన్ని బైట్ల దగ్గర తెగిందో రెండు మూడుసార్లు చూసి, ఆ అంకెలు రాయండి.