వర్జ్యం మావయ్య

ప్రతి తెలుగింట్లోనూ గోడకి వేంకట్రామా అండ్ కో వారి క్యాలెండరు, దానికి ఎదురుగా ఒక పడక్కుర్చీ, అందులో ఒక మావయ్య ఉంటారు. మీ ఇంట్లో ఆయన బాబాయో పెదనాన్నో అయ్యుండొచ్చు. కుర్చీ మాత్రం అదే. మీరు చెప్పులు తొడుక్కోవడం చూసి ఆయన కళ్ళజోడు సర్దుకున్నారంటే, ఇక మీరు ఆ చెప్పులు విప్పేయొచ్చు.

మా పెదమావయ్య తెనాలిలో లెక్కల మాస్టారు. ఎనభై దాటాక, పోయినేడు వెళ్ళిపోయారు. ఆయన మంచితనం గురించి పెద్దకర్మ నాడు అందరూ చెప్పేశారు. ఇక నాకు మిగిలింది, ఆయన మా చేత రైల్వేవారికి కట్టించిన క్యాన్సిలేషన్ చార్జీల సంగతి ఒక్కటే. ఆ సొమ్మంతా పోగేస్తే తెనాలి స్టేషన్లో మా ఇంటిపేరు మీద ఇంకో ప్లాట్‌ఫారం లేచేది.

పంచాంగానికి అంగాలు ఐదు: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఆరోది మావయ్య. ఆ ఐదూ ఏం చెప్పినా ఆఖరి మాట ఆయనదే.

లెక్కల మాస్టారు కదా, చాలా పద్ధతిగా చెప్పేవారు. పగటిని ఎనిమిది వాటాలు వేస్తే ఒకటి రాహువుది, ఇంకొకటి యమగండానిది, చెరో గంటన్నర. వర్జ్యం నాలుగు ఘడియలు, ఘడియకి 24 నిమిషాల చొప్పున 96 నిమిషాలు. దుర్ముహూర్తం 48 నిమిషాలు, కొన్ని వారాల్లో అది కూడా రెండుసార్లు. ఇవన్నీ తీసేయగా మిగిలిన కాలంలో ఒక మనిషి స్నానం చేయాలి, భోంచేయాలి, పేపరు చదవాలి, కునుకు తీయాలి. కరెంటు బిల్లు కట్టే తీరిక ఎక్కడిది? ఉన్నా అది మంగళవారమో శుక్రవారమో అయ్యేది, ఆ రెండు రోజులూ లక్ష్మి గడప దాటకూడదు. పేకాటకి మాత్రం ఏ గ్రహమూ అడ్డొచ్చేది కాదు. "అది ప్రయాణమా, శుభకార్యమా? దానికి ముహూర్తమేంట్రా!" అనేవారు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకున్న సంగతి మాకు చెప్పి, బత్తాయికాయ, గోలీకాయ, కిరసనాయిలు దీపం పెట్టి చంద్రుడి నీడ భూమ్మీద ఎలా పడుతుందో చేసి చూపించారు. అంత బాగా మా బళ్ళో ఎవరూ చెప్పలేదు. పాఠం అవగానే లేచి ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, మమ్మల్ని గదిలో పెట్టి తలుపేశారు. "నీడే కదా మావయ్యా?" అంటే, "నీడ సంగతి మీకు చెప్పా. జాడీ సంగతి మీ అత్తయ్యకి ఎవరు చెప్తారు?" అన్నారు.

ఉగాది నాడు పంచాంగ శ్రవణం కూడా ఆయనదే. ఒక ఏడాది ఆయన రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు అని వచ్చింది. ఏమాత్రం తొణక్కుండా, "ఆ ఏడుగురూ మీ అత్తయ్య వైపు వాళ్ళే" అని లెక్క తేల్చేశారు.

అసలు విద్యంతా మేము హైదరాబాదు బయల్దేరేటప్పుడు బయటికొచ్చేది. శుక్ర, ఆదివారాలు పడమర శూల, అటు ప్రయాణం కూడదు. మంగళ, బుధవారాలు ఉత్తరం శూల. తెనాలికి హైదరాబాదు వాయవ్యం. కాబట్టి శుక్రవారం అది పడమరగా ఉండేది, మంగళవారానికి ఉత్తరానికి జరిగేది. సోమ, గురు, శనివారాలు మిగిలాయి కదా అంటే, వాటి కోసమే వర్జ్యం పుట్టింది. వర్జ్యం కూడా దొరక్కపోతే, వచ్చి తొమ్మిదో రోజనేవారు. మా అమ్మకైతే ఇంకా కష్టం. ఆడపడుచు మంగళ, శుక్రవారాల్లో పుట్టిల్లు వదలకూడదు. "అన్నయ్యా, పిల్లలకి బడి తెరిచేశారు" అని ఆవిడ బతిమాలితే, "తెరవనీ చెల్లాయ్, మంచిరోజు చూసి తెరిచారో లేదో" అనేవారు.

ఆయన దగ్గర రెండు పంచాంగాలుండేవి. ఒకటి పూర్వసిద్ధాంతం, ఇంకోటి దృక్సిద్ధాంతం. రెంటికీ కుదరక పండగలు రెండ్రోజులొస్తాయని ఊళ్ళో జనం గొడవపడుతుంటే, ఆయన రెండ్రోజులూ బూరెలు చేయించి సిద్ధాంతాలకి రాజీ కుదిర్చేవారు. మా ప్రయాణానికి మొదటి దాంట్లో అడ్డం దొరక్కపోతే రెండోది తీసేవారు.

ఇందులో ఉన్న కిటుకు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అత్తయ్య తమ్ముడొకాయన వస్తుండేవారు. మావయ్యకి ఆయనంటే గిట్టదు. ఆయన ఏ రోజు వెళ్తానన్నా ముహూర్తం దివ్యంగా కుదిరేది. శూల ఉంటే కాస్త బెల్లం నోట్లో వేసుకుంటే చాలు. వర్జ్యం ఉంటే, "అభిజిత్తుకి ఏ దోషమూ అంటదు" అని రిక్షా కూడా మావయ్యే పిలిచేవారు. పరిహారాలన్నీ గిట్టనివాళ్ళకి, దోషాలన్నీ మాకు!

కొడుకు డాలస్ వెళ్ళాక మావయ్య శాస్త్రానికి ఎయిర్‌లైన్స్‌తో పేచీ వచ్చింది. "అక్కడి పంచాంగం వేరు నాన్నా" అని వాడంటే, "ఏం, రాహువుకి వీసా దొరకలేదా?" అన్నారు. వాడి తిరుగు టికెట్టు మారదని తెలిశాక ఇక చేసేది లేక, ముందురోజు మంచి ఘడియలో పెట్టె తీసుకెళ్ళి పక్కింటి వసారాలో పరస్థానం ఉంచారు. తెల్లవారుజామున కారొచ్చింది, కంగారుగా అందరూ ఎక్కారు. గన్నవరం చేరాక గుర్తొచ్చింది పెట్టె. అందులో ఆవకాయ, సున్నుండలు, వాడి కోట్లు. మావయ్య మాత్రం, "మంచి ముహూర్తంలో కదిలిన పెట్టెరా. చూడు, ఎంత క్షేమంగా ఉందో!" అన్నారు.

ఆయన పోయిన రాత్రి పురోహితులు గారు వేళ్ళ మీద లెక్క వేస్తుంటే అందరం ఆయన మొహంకేసి చూస్తున్నాం. ధనిష్ఠ అయితే ఆర్నెల్లు ఇల్లు మూసేయాలంటారు. అత్తయ్య ఈ వయసులో ఎక్కడికెళ్తుంది? "శ్రవణం ఇంకా ఉంది" అన్నారాయన. "ఇంకో రెండు ఘడియలు ఆగితే ధనిష్ఠ వచ్చేసేది. మాస్టారు చూసుకునే వెళ్ళారు." జన్మలో మొదటిసారి మావయ్య ఆలస్యం చేయకుండా బయల్దేరారన్నమాట. పేకాట జోడీ ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఆదివారం, శూల పడమర. ఈయన వెళ్ళేది దక్షిణానికి. దారి బాగానే ఉంది" అన్నాడు. ఏడుస్తున్న అత్తయ్యకి నవ్వాగలేదు.

నాకిలాంటి నమ్మకాలు లేవు. మొన్న మా అబ్బాయి సెలవులకొచ్చి, ఆదివారం బెంగుళూరు వెళ్తానని టికెట్టు చూపించాడు.

"ఆదివారం శూల కదరా" అన్నాను.

వాడు ఫోన్లో చూశాడు. "శూల పడమర నాన్నా. బెంగుళూరు దక్షిణం."

"మ్యాపు సరిగ్గా చూడు. కాస్త పడమరకి ఒరిగి ఉంటుంది."

వాడు నా వంక కాసేపు చూసి, "సరే, సోమవారమే వెళ్తాను. క్యాన్సిలేషన్ డబ్బులు మాత్రం మీరే ఇవ్వాలి" అన్నాడు.

"ఇవాళ శుక్రవారంరా. డబ్బు బయటికివ్వకూడదు" అన్నాను.