గొలుసు లాగినవాడి గోడు

మొన్న తాడేపల్లిగూడెం అవతల ఓ గట్టు తగాదాకి నన్నూ రమ్మన్నారు. పెద్దవాణ్ణి కదా, పక్కన నిలబడితే చాలట. ఒక కుర్రాడు కర్రకి పుట్టగొడుగులాంటి యంత్రం తగిలించుకుని వచ్చాడు. రోవరట. గట్టు మీద నిలబెట్టాడు, తెర చూశాడు, "అయిపోయిందండీ తాతగారూ" అన్నాడు. నేనింకా చెప్పులు విప్పి చేలోకి దిగనేలేదు!

నేను చైన్‌మాన్‌గా చేసినవాణ్ణి. మా రోజుల్లో కొలతంటే ఊరు ఊరంతా గట్టెక్కేది. ముందు ఒకడు, వెనక ఒకడు, మధ్యలో గొలుసు. ముందువాడి చేతిలో పది ఇనుప పుల్లలు, చివర ఎర్రగుడ్డ పీలికలు. వెనకవాడు "కుడికి, ఇంకాస్త, ఆఁ" అంటే ముందువాడు గొలుసు బిగలాగి పుల్ల గుచ్చేవాడు. ఆ పుల్లలు ఏరుకుంటూ వెనకవాడు వచ్చేవాడు. పదీ వాడి గుప్పిట్లోకి చేరాయంటే పది గొలుసులు, 660 అడుగులు. లెక్క పుల్లల్లోనే ఉండేది, బుర్రలో కాదు.

గుంటరు గొలుసంటే 66 అడుగులు, 100 లింకులు. ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ 1620లో పెట్టిన కొలత. లింకు 7.92 అంగుళాలు. ఇదేం వంకర లెక్క అంటారా? గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ముక్కలు పది కలిస్తే సరిగ్గా ఎకరం. వెయ్యి చదరపు లింకులు సెంటు. ఏలూరులో సెంటు ఎన్ని లక్షలని బేరమాడేవాళ్లకి 48.4 గజాలని నోటికొచ్చు. ఆ పాయింటు నాలుగు ఎక్కణ్ణించి వచ్చిందో అడగండి, నోరు పెగలదు.

గొలుసుకి పదేసి లింకులకొక ఇత్తడి బిళ్ల. పదికి ఒక పన్ను, ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, మధ్యలో యాభైకి గుండ్రటి బిళ్ల. అవతలి కొసనుంచీ అదే వరస. అంటే నాలుగు పళ్లు నలభై కావచ్చు, అరవై కావచ్చు. కొత్తలో నేనొకసారి అరవైని నలభై అని అరిచేశాను. గట్టు మీద చుట్ట కాలుస్తున్న రైతు, "ఏం అబ్బాయ్, నా ఇరవై లింకులు ఎవరికిచ్చావ్?" అన్నాడు. పదమూడడుగుల పైచిలుకు నేల! బడిమొహం చూడని మనిషి, కళ్లతో లెక్కపెట్టుకుంటున్నాడు. ఇవాళ ఆ రోవర్ తెరమీద అంకె తప్పని ఏ రైతు అనగలడు?

గొలుసు దేవుడేం కాదు లెండి. లాగి లాగి కడియాలు అరిగితే సాగేది. కొల్లేటి నల్లబురద కీళ్లలో పట్టేస్తే కురచయ్యేది. కాలవలో కడుక్కుని మళ్లీ మొదలు. మీటర్లొచ్చాక ఇంకో తంటా. 20 మీటర్ల గొలుసుకీ వంద లింకులే, చూపుకి తేడా తెలీదు. పాత ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, వెయ్యి లింకులంటే 201 మీటర్ల పైన. కొత్త గొలుసుతో కొలిస్తే 200 దగ్గరే ఆగిపోతుంది. పోయిన ఆ మీటరు కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

కొలతకి తొందరెందుకంటే ఇప్పటివాళ్లు వినరు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వే చేసే లాంబ్టన్ దొర ఏడున్నర మైళ్ల గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. ఉక్కు గొలుసు ఎండకి సాగుతుందని పెట్టెల్లో పరిచి, పైన గుడారమేసి, పక్కన థర్మామీటర్లు పెట్టాడు.

కొల్లేటి సంగతి వేరే. అక్కడ తగువు పొడవుది కాదు, ఎత్తుది. ఐదో కాంటూరంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. 1999లో అభయారణ్యం హద్దు దాన్నిబట్టే గీశారు, 2006లో చేపల చెరువుల గట్లు దాన్నిబట్టే కొట్టేశారు. ఆ గీత నేలమీద కనబడదు. లెవెల్ యంత్రంలోంచి కర్ర మీది అంకె చదివినవాడికే తెలుస్తుంది. కైకలూరు వైపు "మా చెరువు ఐదు లోపలా బయటా?" అని నన్నడిగినవాళ్లకి లెక్కేలేదు. గొలుసువాడు ఏం చెప్పగలడు?

మా మనవడు ఫోనులో పొలం చుట్టూ నడిచి ఎకరాలు చెప్పేస్తాడు. గట్టు వెడల్పు రెండడుగులు, ఫోను తప్పు నాలుగైదు మీటర్లు! రోవరైతే అంగుళాల్లో చెబుతుంది, ఒప్పుకుంటాను. కానీ అయ్యా, ఈసారి కొలతకి వస్తే ఇంట్లో కూర్చోకండి. పాత ఎఫ్ఎంబీ నకలు జేబులో పెట్టుకుని గట్టెక్కండి. అంకె పైకి చదవమనండి, మీ చేత్తో రాసుకోండి, మూలరాయి దగ్గర చెయ్యిపెట్టి చూసుకోండి.