బోరింగు మీది ఎర్రరాతకు టీక

మూలము: ఈ బోరింగు నీళ్లు తాగరాదు.

అవతారిక: నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు ఊళ్లలో చేతిపంపు మీద ఎర్రరంగుతో వెలసిన ఏకవాక్య కావ్యమిది. కవి పేరు తెలియరాదు. రంగు పెచ్చులూడి ‘రాదు’ రాలిపోగా ‘తాగ’ మాత్రము మిగిలిన పాఠాంతరము అపాయకరము గనుక గ్రాహ్యము కాదు.

ప్రతిపదార్థము: ఈ = ఎదుటనున్న; బోరింగు = గ్రానైటును తొలిచి దింపిన పంపుయొక్క; నీళ్లు = ఒక ఆక్సిజను, రెండు హైడ్రోజనులు ఎలక్ట్రానులను పంచుకొని కూడియున్న పదార్థము; తాగరాదు = కడుపులోనికి పోనీయరాదు. బట్టలుతుకుటకు నిషేధము లేదు.

టీక: చూపునకు తేటగా నున్న నీటికి దోషమెట్లు వచ్చె ననగా, రాతివలన. ఆ రాతిలోని ఫ్లోరినుకు వెలుపలి కక్ష్యలో ఏడు ఎలక్ట్రానులు. ఎనిమిదవదాని కోసము దానికున్నంత ఆత్రము మరే మూలకమునకును లేదు. కాల్షియము తన రెండింటిని వదలుకొనగా రెండు ఫ్లోరినులు చెరియొకటి పుచ్చుకొనును. ఇది పంపకము కాదు, పూర్తిగా చేతులు మారుట. ఇచ్చినది ధనావేశము, పుచ్చుకొన్నది ఋణావేశము. ఇచ్చినవాడే ధనమగుట లోకములో కానము గనుక విరోధాభాసము. ఆవేశము పొందిన ఆ రెండును అయానులు, అందు ఋణమైన ఫ్లోరినే ఫ్లోరైడు; ఆ రెంటి ఆకర్షణయే అయానిక బంధము.

నీటి అణువులోనో, పంచుకొన్న ఎలక్ట్రానులను ఆక్సిజను తనవైపు కొంత ఎక్కువ లాగుకొనును. అందుచే ఆ అణువునకొక ఋణపు కొస, ఒక ధనపు కొస ఏర్పడును. నీరు ఆ కొసలతో అయానులను చుట్టుముట్టి రాతినుండి మెల్లగా ఊడదీయును. నీటిలో కాల్షియము సమృద్ధిగా నున్నచో ఫ్లోరైడు మరల దానితో జతకట్టి అడుగుపట్టెడిది. ఇక్కడి నీటిలో సాధారణముగా సోడియము, బైకార్బొనేటు మెండు, కాల్షియము కొఱత.

ఆ కొఱత తీరునది మన ఎముకలో. అక్కడ హైడ్రాక్సైడు కూర్చున్నచోట ఇంచుమించు అంతే పరిమాణము, అదే ఒక్క ఋణావేశము గల ఫ్లోరైడు వచ్చి కూర్చుండును, సులభముగా లేవదు. పసితనమున తాగినవారికి పండ్లపై గోధుమచారలు; ఏండ్లు గడవగా తిరుగని మెడ, వంగిన నడుము. ఈ పంక్తి దగ్గర టీకాకారునికి హాస్యము రాదు.

పూర్వపక్షము: “కాగవెట్టుకొని తాగితే ఏమైతది బిడ్డా?” అని ఒక అవ్వ. అవ్వా, కాచిన సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు చావదు. నీళ్లు ఇగిరినకొద్ది చిక్కనగును.

“పటిక ఏస్తెనో?” ఇది పండితప్రశ్న. సున్నము, పటిక వేసి కలియబెట్టినచో అల్యూమినియము దూదిపింజలవలె మడ్డికట్టి ఫ్లోరైడును వెంటబెట్టుకొని అడుగునకు దిగును. నాగపూరులోని ‘నీరి’ అను పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1970ల దశకములో ఈ పద్ధతిని కుదిర్చి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరిడిరి. జిల్లా కీర్తి టాంజానియా, ఇథియోపియాల దాక పోయినది ఈ మడ్డి పుణ్యముననే. పటిక పాళ్లు తప్పినచో నీటిలో అల్యూమినియము మిగులును గనుక అవ్వ కొలతలేక వేయరాదు.

తాత్పర్యము: లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్నచో దప్పికగొన్నవారు కృష్ణానీళ్ల నల్లా దగ్గరికి పోవలెను. నల్లా ఏ పూట వచ్చునో మూలములో చెప్పబడలేదు.