క్యాషియరు లెడ్జరు ముట్టుకోడు

మొన్న సాయంత్రం మా మనవరాలు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెబుతోంది. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, యాబ్‌స్ట్రాక్షన్. మర్నాడు ఇంటర్వ్యూ ఉందట. నాలుగింటికీ నిర్వచనాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. జంతువు ఒక క్లాసు, కుక్కా పిల్లీ దాని పిల్ల క్లాసులు, అరవమంటే ఒకటి మొరుగుతుంది, ఒకటి మ్యావ్ అంటుంది అని ఉదాహరణా చెప్పింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

"సరేనమ్మా, కాలేజీలో చేసిన ప్రాజెక్టు చూపించు" అన్నాను.

బ్యాంకు ఖాతాల ప్రోగ్రాం. ఖాతా అనే క్లాసు తెరిచాను. అందులో పదకొండు అంకెలూ పేర్లూ ఉన్నాయి. ఒక్కోదానికీ బయటికిచ్చే గెట్టర్ ఒకటి, మార్చే సెట్టర్ ఒకటి. అవి కూడా తను రాసినవి కావు, ఎడిటర్లో ఒక మీట నొక్కితే వచ్చినవి. ఇక ఆ క్లాసులో ఏమీ లేదు. పనంతా బయట, ఖాతా సర్వీసులో కొంత, ఖాతా మేనేజరులో కొంత, ఖాతా హెల్పరులో కొంత. డబ్బు తీయాలంటే ఖాతాలోంచి నిల్వ బయటికి లాగడం, తీసెయ్యడం, మిగిలింది మళ్ళీ లోపల పెట్టడం. ఇలా మూడు చోట్ల ఉంది. ఒకచోట కనీస నిల్వ చూడడం మర్చిపోయింది.

నాకు మండింది. పిల్ల మీద కాదు, దానికి ఇలా నేర్పినవాళ్ళ మీద. పెట్టెకి తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించి, దానికి ఎన్‌క్యాప్సులేషన్ అని పేరు పెట్టి పరీక్షలో మార్కులు వేస్తున్నారు. ఇలాంటి క్లాసుల్ని మార్టిన్ ఫౌలర్ 2003లోనే రక్తహీనత పట్టిన నమూనా అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ జబ్బే పాఠంగా చెబుతున్నారు.

మేం కోబాల్‌తో మొదలుపెట్టినవాళ్ళం. అందులో డేటా డివిజన్ వేరు, ప్రొసీజర్ డివిజన్ వేరు. సమాచారం ఒకచోట, దాని మీద చేసే పని ఇంకోచోట. రికార్డులో ఒక గడి రెండక్షరాలు పెరిగిందంటే, దాన్ని ముట్టుకునే ప్రోగ్రాములన్నీ వెతకాలి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద వచ్చిన మడతల కాగితం హాలంతా పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఎర్ర పెన్సిలుతో గీసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఒక్కటి తప్పిపోయినా నెలాఖరున లెక్క తేలేది కాదు. అలా నడుములు విరిగాక 1990లో టర్బో సి ప్లస్ ప్లస్ వచ్చింది. సమాచారాన్నీ దాని పనినీ ఒకే కప్పు కింద పెట్టుకోవచ్చు అనగానే, అది దేనికి మందో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇవాళ్టి పిల్లలు జబ్బు ఎరక్కుండా మందు పేరు బట్టీ పడుతున్నారు. మా మనవరాలి ప్రాజెక్టు భాష జావా, లోపల ఉన్నది కోబాలే. ఖాతా క్లాసు డేటా డివిజన్, సర్వీసు క్లాసు ప్రొసీజర్ డివిజన్.

సమాచారాన్నీ దాని పనినీ కలిపి ఉంచాలన్న ఈ ఆలోచన పుట్టింది జంతువుల కోసం కాదు. 1960లలో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ సెంటర్‌లో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు, వరసలు ఎలా పెరుగుతాయో, పని ఎక్కడ ఆగిపోతుందో కంప్యూటరు మీద నడిపి చూడడానికి సిమ్యులా అనే భాష తయారు చేశారు. వరసలో నిలబడ్డ ప్రతివాడికీ తన స్థితి, తన నడక ఉండాలి కదా. సిమ్యులా 67లో క్లాసూ ఆబ్జెక్టూ ఇన్‌హెరిటెన్సూ వచ్చేశాయి. తరవాత జిరాక్స్ పార్క్‌లో స్మాల్‌టాక్‌కి ప్రాణం పోసిన ఆలన్ కే, ఆబ్జెక్టు అన్న మాట ప్రచారంలో పెట్టినందుకు 1998లో విచారపడ్డాడు. అసలు సంగతి వస్తువులు కాదట, అవి ఒకదానికొకటి పంపుకునే కబుర్లట.

ఆ మాట నాకు పుస్తకంలో చదివి అర్థం కాలేదు. ఒక సహకార బ్యాంకు పని చేస్తున్నప్పుడు అర్థమైంది. 1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ కార్డుల పద్ధతి ఒకటి చెప్పారు. చిన్న కార్డు మీద పైన క్లాసు పేరు, ఎడమ పక్క దాని బాధ్యతలు, కుడి పక్క అది ఎవరి సాయం అడుగుతుందో వాళ్ళ పేర్లు. మేం ఆరుగురం అట్ట ముక్కలు కోసుకుని, ఆ బ్యాంకు గుమస్తాగారిని మా బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాం. తలో కార్డూ పట్టుకుని, విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చిన దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఆడి చూశాం. ఇత్తడి టోకెను ఇచ్చారు, సంతకం సరిచూశారు. నా చేతిలో క్యాషియరు కార్డు ఉంది. "నేనిప్పుడు నిల్వ చూసుకుని..." అంటున్నానో లేదో గుమస్తాగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"క్యాషియరు లెడ్జరు ముట్టుకోడండీ. ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. లెడ్జరు గుమస్తా పాస్ చేసిన ఫారం వస్తేనే డబ్బిస్తాడు."

కంప్యూటరు ఎప్పుడూ తాకని మనిషి, అరనిమిషంలో మాకు డిజైను చెప్పేశారు. ఎవరి పుస్తకం వాళ్ళ దగ్గరే. పక్కవాడు అడగాలి తప్ప చెయ్యి పెట్టకూడదు. ఆ కార్డుల ఆట మూడు రోజులు సాగింది. కార్డు మీద చోటు చాలకపోతే ఆ క్లాసు నెత్తిన ఎక్కువ బరువు పెట్టామని అర్థం. చింపి రెండు చేసేవాళ్ళం. ఇప్పుడు రెండువేల వరసల కోడున్న మేనేజరు క్లాసులు చూస్తున్నాను. వాటిని ఏ కార్డు మీద పట్టిస్తారు?

ఇన్‌హెరిటెన్స్ సంగతి ఇంకా ఘోరం. నాలుగు వరసలు కలిసొస్తాయని ఫిక్స్‌డ్ డిపాజిట్‌ని పొదుపు ఖాతాకి పిల్లని చేస్తారు. తీరా ఎవరైనా డబ్బు తియ్యమంటే "కుదరదు" అని ఎర్రర్ విసురుతుంది. తల్లి ఇచ్చిన మాట పిల్ల నిలబెట్టలేకపోతే ఆ చుట్టరికమే తప్పు అని బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పిన సంగతి ఇదే. జావా చేసినవాళ్ళే స్టాక్‌ని వెక్టర్‌కి పిల్లని చేసి పెట్టారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంచాల్లో పైది మాత్రమే తియ్యాలని దాని నియమం. తల్లి పోలిక వల్ల మధ్యలోది లాగినా ఊరుకుంటుంది.

మావాళ్ళు చేసిన తప్పూ చెప్పాలి. 1997లో యూఎంఎల్ ప్రమాణమయ్యాక గోడల నిండా బొమ్మలు గీశారు. కోడు ఆర్నెల్లలో మారిపోయేది, బొమ్మ మారేది కాదు. ఇవాళ్టి వాళ్ళు టెస్టులు రాస్తారు, పాత కోడుని ధైర్యంగా సరిచేస్తారు. అది మాకు లేకపోయింది, ఉంటే ఎన్ని రాత్రుళ్ళు మిగిలేవో. కానీ కౌంటరు దగ్గరికి వెళ్ళి మనిషిని అడగడం మానేశారు. ముందు డేటాబేస్ టేబుల్, దాన్నుంచి క్లాసు, దానికి గెట్టర్లు. ఇప్పుడైతే అడిగితే యంత్రమే క్లాసులు రాసిస్తోంది. ఏ బాధ్యత ఎవరిదో అది గుమస్తాగారిని అడిగి రాయడం లేదు కదా.

ఆ రాత్రి బీరువాలోంచి పాత శుభలేఖలు తీశాను. వెనక ఖాళీగా ఉన్నవి చూసి కార్డుల్లా కత్తిరించి మా మనవరాలి ముందు పెట్టాను. మొదట విసుక్కుంది, ఇంటర్వ్యూలో ఇవి అడగరంది. తరవాత ఖాతా కార్డు రాసింది, లెడ్జరు రాసింది, ఫిక్స్‌డ్ డిపాజిట్ రాసి ఆగిపోయింది. పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు కూర్చుంది.

"తాతయ్యా, గడువుకి ముందే తీస్తే వడ్డీ తగ్గించేది ఎవరు? డిపాజిట్టా, బ్యాంకా?"

వాళ్ళమ్మ అన్నానికి రెండోసారి పిలిచింది. ఇంకో శుభలేఖ కత్తిరించమని నా చేతికిచ్చింది పిల్ల.